జావాస్క్రిప్ట్ కోర్సులోని తప్పు పాఠాలు, మూల్యాంకన విధానంపై ఫిర్యాదు

కోర్సుల విభాగం నిర్వాహకులకు,

నమస్కారం. బటన్లు, ఫారాలు, కదిలే బొమ్మలతో స్పందించే వెబ్ పేజీలను జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషతో తయారు చేయడం నేర్పుతామన్న మీ ప్రకటన చూసి, పూర్తి రుసుము ముందే చెల్లించి చేరాను. మీ పాఠాల్లో తప్పులున్నాయి. పైగా సరిగ్గా రాసినవారికి మార్కులు పోతున్నాయి.

బటన్ల పాఠం చూడండి. పేజీలో మూడు బటన్లు ఉంటాయి, ఏది నొక్కితే దాని సంఖ్య కనిపించాలి. మీరిచ్చిన కోడ్‌లో లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) చుట్లను లెక్కించే వేరియబుల్‌ను, అంటే విలువను దాచుకునే పేరును, 'వార్' (var) అనే పదంతో ప్రకటించారు. ఆ కోడ్‌ను ఉన్నదున్నట్టు నడిపితే ఏ బటన్ నొక్కినా 4 అనే వస్తుంది. ఎందుకంటే 'వార్'తో ప్రకటించిన వేరియబుల్ లూప్ మొత్తానికీ ఒక్కటే. మనం బటన్ నొక్కే సమయానికి మూడు చుట్లూ పూర్తయి లూప్ ముగిసి, ఆ వేరియబుల్‌లో 4 చేరి ఉంటుంది. దాని బదులు 'లెట్' (let) అనే పదం వాడితే ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్ ఏర్పడుతుంది, మూడు బటన్లూ సరిగ్గా పనిచేస్తాయి. నేను అలాగే రాసి పంపితే మీ మూల్యాంకన వ్యవస్థ తప్పని చూపి, 'వార్' వాడమంది. పనిచేసే కోడ్‌కు సున్నా, పనిచేయని కోడ్‌కు పూర్తి మార్కులు! 'లెట్' ఈ భాష ప్రమాణంలోకి 2015లోనే వచ్చింది. వీడియోలో బోధకులు ఒక్క బటన్ నొక్కి చూపినా ఈ పొరపాటు అక్కడే బయటపడేది.

సందర్శకుల సందేశాల పాఠం ఇంతకన్నా ప్రమాదకరం. ఎవరేం టైప్ చేసినా దాన్ని నేరుగా 'ఇన్నర్ హెచ్‌టీఎంఎల్'లో (ఇచ్చినదాన్ని పేజీ కోడ్‌గానే తీసుకునే చోట) పెట్టమంటున్నారు. సందేశానికి బదులు ఒక ఇమేజ్ ట్యాగ్ (పేజీలో బొమ్మను చూపే కోడ్) రాసి, దాని 'ఆన్ ఎర్రర్'లో, అంటే బొమ్మ దొరకనప్పుడు నడిచే భాగంలో, కోడ్ చేర్చితే, ఆ పేజీ తెరిచినవారి బ్రౌజర్లలో అది నడుస్తుంది. క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ దాడి అంటే ఇదే. అక్కడ 'టెక్స్ట్ కంటెంట్' వాడితే చాలు, రాసినదంతా మామూలు అక్షరాలుగానే కనిపిస్తుంది. ఆ ఒక్క మాట పాఠంలో ఎక్కడా లేదు.

మీ సహాయ విభాగానికి రాస్తే, బ్రౌజర్ క్యాష్ (అది దాచుకున్న పాత ఫైళ్లు) తొలగించి మళ్లీ ప్రయత్నించమని జవాబిచ్చారు. నా కోడ్‌ను ఎవరూ తెరిచి చూడలేదని దాంతోనే అర్థమైంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వారి ఉచిత ఎండీఎన్ పత్రాలు (వెబ్ కోడింగ్‌ను వివరించేవి) చదివి నేను కారణం తెలుసుకోగలిగాను. ఆ దారి తెలియని కొత్తవారు తమకు ప్రోగ్రామింగ్ అబ్బదనుకుని మానేస్తారు. నన్ను అన్నిటికన్నా బాధిస్తున్నది అదే.

ఈ రెండు పాఠాలనూ సరిదిద్దండి. జవాబులోని పదాలను పోల్చడం మాని, కోడ్‌ను నడిపి ఫలితం చూసి మార్కులు వేయండి. సందేశాల పాఠం ఇప్పటికే పూర్తి చేసినవారందరికీ అందులోని ప్రమాదాన్ని వివరిస్తూ ఈమెయిల్ పంపండి, వారిలో కొందరు ఆ కోడ్‌ను నిజమైన సైట్లలో పెట్టి ఉండవచ్చు. 15 రోజుల్లో ఇవి జరగకపోతే నా రుసుము పూర్తిగా వాపసు చేయాలి. అదీ జరగకపోతే వినియోగదారుల హక్కుల సంస్థను ఆశ్రయిస్తాను.

నా కోడ్, మూల్యాంకన ఫలితాల స్క్రీన్‌షాట్లు, మీ సహాయ విభాగం జవాబు ఈ లేఖకు జత చేశాను.

ఇట్లు,
మీ కోర్సు విద్యార్థిని