‘రూపాయి క్యాప్సూల్’ ఇక మా దుకాణంలో ఉండదు

నమస్కారమండీ.

వారం రోజులుగా ‘రూపాయి క్యాప్సూల్’ (రూపాయి నాణెం దాచుకునే గట్టి ప్లాస్టిక్ గూడు) ప్యాకెట్లు ఎందుకు దొరకడం లేదని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. సరుకు అయిపోలేదు, అమ్మకం నేనే ఆపాను. ఎందుకు ఆపానో చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి.

పోయిన నెల ఒక పెద్దాయన కోఠిలోని మా దుకాణానికి వచ్చి, చేతిసంచిలోంచి చిన్న గుడ్డ మూట తీసి విప్పారు. వాళ్ల నాయనమ్మ దాచిన విక్టోరియా రాణి బొమ్మ వెండి రూపాయలు, మొత్తం పదకొండు. మా దగ్గర కొన్న క్యాప్సూల్‌లో ఒక్కటీ సరిగా కూర్చోవడం లేదన్నారు. ‘కొత్తది కదండీ, కాస్త గట్టిగా నొక్కితే పడుతుంది’ అంటూ నేనే అందుకుని బొటనవేళ్లతో నొక్కాను. టిక్కుమంది. మూత ఒక పక్క పడింది, రెండో పక్క లేచే ఉంది. విప్పి చూస్తే నల్లబారిన రూపాయి అంచు మీద ఒకచోట ఆ నలుపు ఒరుసుకుపోయి వెంట్రుకంత తెల్లటి గీత మెరుస్తోంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. నాణేలన్నీ లెక్కపెట్టుకుని మూట కట్టుకున్నారు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ ప్యాకెట్ మీద 30 మి.మీ. అని ఉంది. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అడ్డుకొలత 30.5 మి.మీ. పైమాటే. అర మిల్లీమీటరే కదా అని ఇన్నాళ్లూ అమ్మాను. గట్టి ప్లాస్టిక్‌కు అర మిల్లీమీటరు సర్దుకునే గుణం ఉండదు.

అసలు కొలత చెప్పకుండా ‘రూపాయి’ అని పేరు పెట్టి అమ్మడమే తెలివితక్కువ పని. 1950లో వచ్చిన నికెల్ రూపాయి 28 మి.మీ. 1983 నుంచి వాడుకలోకి వచ్చింది 26. 1992 నాటి స్టీలు రూపాయి 25. 2011 తర్వాతిది 22. రూపాయి ఇలా చిక్కిపోతూ వచ్చింది, నా లేబుల్ మాత్రం మారలేదు. 2011 నాటి రెండు రూపాయల బిళ్ల కూడా 25 మి.మీ.యే కాబట్టి 1992 రూపాయి గూట్లో అది చక్కగా కూర్చుంటుంది. పేరును నమ్ముకుంటే ఇలాంటివి ఎప్పటికీ తెలియవు.

ఇకపై ప్రతి ప్యాకెట్ మీద లోపలి కొలత ఒక్కటే ఉంటుంది. కొందరు సరఫరాదారులు బయటి కొలతను పెద్ద అక్షరాలతో వేస్తారు. మేమూ కొన్నాళ్లు దాన్నే ఎక్కించాం. ఇప్పుడు ప్రతి కొత్త సరుకులోంచి కొన్ని తీసి కొలిచాకే అల్మరాలో పెడుతున్నాం. నాణేనికీ గూటి గోడకూ మధ్య మొత్తం పావు నుంచి అర మిల్లీమీటరు సందు ఉండాలన్నది మేం పెట్టుకున్న లెక్క. విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి వెండి రూపాయలకు 31 తీసుకోండి. మరీ వదులైనదీ మంచిది కాదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గిలక్కాయలా మోగిందంటే బొమ్మ మీద ఎత్తుగా ఉన్న చోట్లు, అంటే చెంప, జుట్టు, కిరీటం, ప్లాస్టిక్‌కు రాసుకుంటున్నట్టే.

మందం సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. 1992 నాటి లావు ఐదు రూపాయల బిళ్ల 23 మి.మీ., 9 గ్రాములు. ఆ తర్వాత వచ్చిన ఇత్తడి రంగు ఐదు రూపాయలూ 23 మి.మీ.యే, బరువు మాత్రం 6 గ్రాములు. లావుదాని లోతుకు చేసిన గూట్లో సన్నదాన్ని వేస్తే పైకీ కిందికీ ఆడుతుంది. అందుకని మీరు ఆర్డర్ పెట్టేటప్పుడు ఏ సంవత్సరం నాణెమో కూడా రాయండి.

కొలవడానికి లోహపు కాలిపర్స్ (నాణేన్ని రెండు దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) వద్దు, దవడలు గీత పెడతాయి. ప్లాస్టిక్‌వి చవకగానే దొరుకుతాయి. పన్నెండు పలకల ఇరవై రూపాయల బిళ్లను మూల నుంచి మూలకు కొలవండి. చదరపు రెండణాల బిళ్లకు, పూలరేకుల అంచున్న అణాకు, చేత్తో కొట్టిన నిజాం కాలపు హాలీ సిక్కాకు గట్టి గుండ్రటి గూడు కంటే లోపల మెత్తటి ఫోమ్ రింగు ఉన్న రకం మేలు. కాసుల పేరు నుంచి తీసినవో, కొక్కెం అతికించినవో అయితే ఏ క్యాప్సూలూ పట్టదు. కొక్కెం కోయించడానికి మాత్రం వెళ్లకండి.

శ్రావణమాసంలోనూ దీపావళికీ వచ్చే ఫోన్లన్నీ ఒకే రకం. లక్ష్మీపూజలో పెట్టిన రూపాయిని చింతపండుతో తోమి, పసుపు కుంకుమ అద్ది, పూజ అయ్యాక అలాగే క్యాప్సూల్‌లో పెట్టి మూసేస్తారు. నాలుగు నెలలకు లోపల మచ్చలు. తడిని లోపల పెట్టి తలుపు వేసినట్టే కదండీ! పూజకు వేరే రూపాయి ఉంచుకోండి. సేకరణలోని దాన్ని తోమవద్దు, మెరుపు కోసం అసలే వద్దు. తోమిన నాణేనికి కొనేవాళ్లు ధర తగ్గిస్తారు. విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసుకోండి, క్యాప్సూల్ గాలిని పూర్తిగా ఆపదు.

మెత్తటి పీవీసీ కవర్ల ఆల్బమ్‌లు కూడా మానేశాం. లాభం వాటిలోనే ఎక్కువ వచ్చేది. కానీ ఆ ప్లాస్టిక్ పాతబడ్డాక వదిలే ఆమ్లం నాణెం మీద ఆకుపచ్చ జిగురు తెస్తుంది. మా దగ్గర కొన్న ఆల్బమ్ ఇంట్లో ఉంటే ముందు నాణేలు బయటికి తీయండి.

‘రూపాయి క్యాప్సూల్’ కొన్నవాళ్లు వాడినవైనా సరే తెచ్చి ఇవ్వండి, కొలిచి సరైనవి ఇస్తాం. వద్దంటే డబ్బు వాపసు. బయటి ఊళ్లవాళ్లకు పోస్టు ఖర్చు మాదే. పెద్దాయనకు పదకొండూ 31వి నేనే ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చాను. గీత పడినదాన్ని నా చేతికి ఇవ్వలేదు, తనే పెట్టుకున్నారు.

ఇక ఎన్టీఆర్ నాణెం సంగతి. శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేసిన వంద రూపాయల నాణెం 44 మి.మీ., 35 గ్రాములు. అందులో సగం వెండి, 40 శాతం రాగి. చేత్తో ముట్టుకుంటే వేలిముద్ర నిలిచిపోతుంది. టంకశాల ఇచ్చిన ప్యాక్‌లోనే ఉంటే కదిలించకండి. చుట్టాలకు చూపించడానికి ఇప్పటికే బయటికి తీసినవాళ్లకు మేం 45 ఇచ్చాం, అందులో అది తిరుగుతోంది. 44కు సరిపడేవి తెప్పిస్తున్నాం, ఇంకా చేరలేదు. ఈలోగా వేరే దుకాణంలో దొరికితే అక్కడే కొనుక్కోండి, మా 45 వెనక్కి తీసుకుంటాను.