పరగడుపున రమ్మన్నాం, మాత్ర సంగతి చెప్పలేదు

ఖమ్మంలో మా షుగర్, థైరాయిడ్ క్లినిక్‌కి వచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి కొన్ని పద్ధతులు మార్చాం. ఎందుకు మార్చామో ముందు చెప్తాను.

పోయిన నెల సత్తుపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన మొదటి బస్సుకి వచ్చారు. ఫోన్‌లో మా వాళ్లు "పరగడుపున రండి" అన్నారు కాబట్టి ఏమీ తినలేదు, కానీ రోజూ పొద్దున వేసుకునే, షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం వేసుకునే బయల్దేరారు, అది ఆపమని ఎవరూ చెప్పలేదు కదా. ఆ రోజు రద్దీ ఎక్కువ, రక్తం తీసేసరికే తొమ్మిదిన్నర అయింది, తినడానికి బయటికి వెళ్తే ఈలోపు తన నంబర్ పిలుస్తారేమో అని ఆయన బెంచీ మీదే కూర్చుండిపోయారు. పదిన్నరకి ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది. చూస్తే షుగర్ 48కి పడిపోయింది. మింగగలిగే స్థితిలోనే ఉన్నారు కాబట్టి గ్లూకోజ్ నీళ్లు తాగించాం, పావుగంటలో తేరుకున్నారు. వాళ్లమ్మాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తప్పు మాత్రం మాదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు రక్తం ఇవ్వడానికి టోకెన్ అక్కర్లేదు. పొద్దున ఆరున్నర నుంచి ఎప్పుడు వచ్చినా వెంటనే తీస్తారు, తీశాక మీరు నిశ్చింతగా టిఫిన్ చేసి రావచ్చు, మీ వరుస ఎక్కడికీ పోదు. దూరం నుంచి వచ్చే వాళ్లు ఇంటి నుంచే డబ్బాలో తెచ్చుకోండి, కూర్చుని తినడానికి లోపల చోటు ఏర్పాటు చేశాం. ఇన్సులిన్ వేసుకునే వాళ్లకి, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడే వాళ్లకి లోపలికి రాగానే వేలి మీద గుచ్చి షుగర్ చూస్తాం, దానికి డబ్బులు తీసుకోం.

పరగడుపు అంటే రాత్రి భోజనం తర్వాత ఎనిమిది నుంచి పది గంటలు ఏమీ తినకుండా ఉండటం. మంచినీళ్లు తాగొచ్చు, కాఫీ టీలు వద్దు. బీపీ మాత్ర నీళ్లతో వేసుకోవచ్చు. పొద్దున వేసుకునే షుగర్ మాత్ర, టిఫిన్‌కి ముందు చేసుకునే ఇన్సులిన్ మాత్రం రక్తం ఇచ్చాక, తినే వేళకే. రాత్రి వేసుకునే ఇన్సులిన్ మామూలుగానే వేసుకోండి, మేం విడిగా చెప్తే తప్ప మానొద్దు. తిన్న తర్వాత చేసే పరీక్షకి మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి రెండు గంటలు లెక్క, తినడం పూర్తయినప్పటి నుంచి కాదు. రోజూ తినేదే తినండి, రోజూ వేసుకునే మందే వేసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం కదా అని రెండు రోజుల ముందు నుంచి అన్నం మానేసి వచ్చే వాళ్లు చాలామంది ఉన్నారు. ఆ అంకె చూసి నేను మందు తగ్గిస్తే నష్టపోయేది మీరే. హెచ్‌బీఏ1సీ అనే పరీక్షకైతే అసలు పరగడుపు అవసరమే లేదు, అది దాదాపు మూడు నెలల షుగర్ సగటు చెప్తుంది. రక్తహీనత ఉంటే ఆ లెక్క తేడా వస్తుంది, అందుకే ఆడవాళ్లకి కొన్నిసార్లు హిమోగ్లోబిన్ కూడా చూడమంటాను. అనవసరంగా టెస్టులు పెంచుతున్నానని అనుకోకండి.

వచ్చేటప్పుడు మందుల సంచి మొత్తం తెండి. "చిన్న తెల్ల మాత్ర, పొద్దునొకటి" అంటే నాకు ఏమీ తెలియదు, పేరు ఉన్న స్ట్రిప్పు కావాలి. ఆయుర్వేదం పొడులు, పసరు మందులు కూడా చెప్పండి, నేను తిట్టను. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఎవరైనా ఇంజెక్షన్ ఇచ్చారా అన్నది తప్పకుండా చెప్పండి, అందులో స్టెరాయిడ్ ఉంటే షుగర్ అమాంతం పెరుగుతుంది, ఆ సంగతి తెలియక నేను మీకు డోసు పెంచేస్తాను.

ఇన్సులిన్ వాడే వాళ్లు సిరంజి కూడా తీసుకురండి. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, ఇన్సులిన్ పెన్నులోది 100 యూనిట్లది. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూత సిరంజి. పెన్ను మొరాయించిందని అందులోని మందుని ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు, ప్రాణం మీదికి వస్తుంది. అదే 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత లాగితే వెళ్లేది 8 యూనిట్లే, ఇక షుగర్ ఎందుకు తగ్గుతుంది? కొత్త సీసా తీసుకున్న ప్రతిసారీ దాని మీద అంకె చూడండి, ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్లకి చూపించండి. తెరవని సీసా ఫ్రిజ్‌లో, గడ్డకట్టే అరలో మాత్రం పెట్టొద్దు. ఫ్రిజ్ లేని వాళ్లు మన ఎండాకాలంలో బయట వదిలేయకుండా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి తడి మట్టికుండలో పెట్టుకోండి.

థైరాయిడ్ వాళ్లు ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే మూడు రోజుల ముందు ఆపండి, అవి రిపోర్టుని తప్పుదారి పట్టిస్తాయి. థైరాయిడ్ ఉండి గర్భం వచ్చిందని తెలిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి.

ఇక డబ్బుల విషయం. రోజుకి 60 టోకెన్లు ఇచ్చేవాళ్లం, ఇప్పుడు 40 ఇస్తున్నాం, కొత్త వాళ్లకి అరగంట కేటాయిస్తున్నాం, పాదాలు కూడా ఆ సమయంలోనే చూస్తాను కాబట్టి చెప్పులు, సాక్సులు విప్పడానికి మొహమాటపడొద్దు. దీనివల్ల ఫీజు 500 నుంచి 600 చేయాల్సి వచ్చింది, భారమవుతుందని తెలుసు. ఒక మాట నిజంగా చెప్తున్నాను, షుగర్ అదుపులో ఉండి ఒకటి రెండు మాత్రలతో సరిపోతున్న వాళ్లు ప్రతి నెలా మా దగ్గరికి రానక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగర్, బీపీ మాత్రలు ఉచితంగానే ఇస్తారు, అక్కడ వాడుకుంటూ ఏదైనా తేడా వస్తే రండి. వాంతులు, ఆయాసంతో షుగర్ బాగా పెరిగినప్పుడు మాత్రం మా దగ్గరికి వచ్చి సమయం పోగొట్టుకోవద్దు, మాకు బెడ్లు లేవు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి.

బెంచీ మీద కూర్చున్నప్పుడు చెమట పట్టినా, చేతులు వణికినా, కళ్లు తిరిగినట్టున్నా మీ నంబర్ పిలిచేదాకా ఆగకండి. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి చెప్పండి, నా గదిలో ఎవరున్నా సరే తలుపు తోసుకుని రమ్మని తనకి చెప్పి పెట్టాను.