ఆ ఆపరేటర్ గారికి, నిద్రపోయేలోపే

నిన్న ఉదయం 11 గంటలకి మా సినిమా ఫెస్టివల్లో మొదటిసారి బయటివాళ్ళ ముందు పడింది. డైలాగు తెర మధ్య నుంచే వినబడింది. ఇందులో విశేషం ఏముంది అనుకుంటారేమో. అంతకు ముందురోజు రాత్రి 10:40కి అదే డైలాగు కుడిపక్క నుంచి వినబడుతోంది. రెండు రాత్రులుగా కన్ను మూయలేదు. వాక్యాలు అటూ ఇటూ అయితే మన్నించండి. పడుకుని లేస్తే ఇలా రాయలేను.

ఇంట్లోవాళ్ళకి విడిగా ఏం చెప్పను? ఈ తొమ్మిదేళ్ళూ నాతోపాటు మీరూ మోశారు. ఇంటికొచ్చాక కూర్చుందాం.

ఆ రాత్రి తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. "అమ్మా, రేపు మీ సినిమా వేసే హాల్లో ఆపరేటర్ని. ఈ వేళప్పుడు చేస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాటలన్నీ కుడి స్పీకర్లోంచి వస్తున్నాయి. మీరు కావాలనే అలా పెట్టారా?"

తప్పుందని చెప్పలేదు ఆయన. కావాలనే పెట్టారా అని అడిగారు. ఆ ఒక్క మాటకే నేను మంచం అంచున కూలబడిపోయాను.

నిజానికి ఆ సాయంత్రం మాకు టెస్టు కోసం 10 నిమిషాలు ఇచ్చారు. నేనూ హాల్లోనే కూర్చున్నాను. బొమ్మ బావుంది, రంగులు బావున్నాయి, అంతా సరే అని సంతకం పెట్టేసి వచ్చేశాను. మా సినిమాలో మొదటి 11 నిమిషాలు ఎవరూ మాట్లాడరు. అది రాసింది నేనే, అయినా ఆ టెన్షన్‌లో తట్టలేదు. ఆయనకి తట్టింది. డ్యూటీ అయిపోయాక, ఎవరూ అడక్కుండానే మళ్ళీ వేసి చూశారు. "ఒక్క మాటైనా వినకుండా ఇంటికెలా వెళ్తానమ్మా" అన్నారు తర్వాత.

ఈ పనిలో ఉన్నవాళ్ళ కోసం జరిగింది చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. 5.1 మిక్స్‌లో, అంటే హాలు చుట్టూ ఉన్న స్పీకర్లకి పంచిన శబ్దంలో, ఆరు ట్రాకులుంటాయి. వాటిని వరసపెట్టే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ. ఒక పద్ధతిలో ఎడమ, మధ్య, కుడి, వెనక ఎడమ అని మొదలవుతుంది. డీసీపీలో, అంటే థియేటర్‌కి ఇచ్చే డిజిటల్ సినిమా ఫైళ్ళలో, ఎడమ, కుడి, మధ్య, ఆ తర్వాత సబ్ వూఫర్. మా డీసీపీ చేసిన ల్యాబులో మొదటి వరసలో ఉన్న ట్రాకుల్ని అలాగే రెండో వరసలో కూర్చేశారు. దాంతో మధ్యలో రావాల్సిన మాటలు కుడివైపుకి వెళ్ళాయి, వెనక ఎడమ నుంచి రావాల్సిన వాన చప్పుడు సబ్ వూఫర్‌లోకి పోయింది. క్యూసీ (నాణ్యత తనిఖీ) షీటు మీద మాత్రం అన్నీ ఓకే అని ఉంది. ఆ ల్యాబుకి ఫోన్ చేస్తే ఇప్పుడు ఎవరూ లేరు, సోమవారం చూద్దాం అన్నారు. మా షో శనివారం.

నా బ్యాగులో మిక్స్ ట్రాకుల కాపీ ఉంది. ఏ ఫైలైనా మూడు కాపీలు, అందులో ఒకటి వేరే చోట అన్నది నేను వదలని అలవాటు. డిస్క్ పట్టుకుని పరిగెత్తాను. వెళ్ళేసరికి ఆయన తన సొంత లాప్‌టాప్ కేబిన్లో తెరిచి పెట్టుకుని ఉన్నారు. "భయపడకండి. డీసీపీలో బొమ్మ ఒక ఫైలు, శబ్దం ఇంకో ఫైలు. బొమ్మ జోలికి వెళ్ళక్కర్లేదు" అన్నారు. బొమ్మ ఫైలు 100 జీబీ పైనే, దాన్ని మళ్ళీ చేయాలంటే తెల్లవారిపోయేది. శబ్దం 5 జీబీ చిల్లర. ఆరు ట్రాకుల్నీ ఒక్కొక్కటిగా హెడ్‌ఫోన్లో విని, ఏది ఏదో నాతో పైకి చెప్పించి, సరైన వరసలో పెట్టి, పాత బొమ్మకే కొత్త శబ్దం జతయ్యేలా ఇంకో వెర్షన్ తయారుచేశారు. మేము ఫైళ్ళకి తాళం వేయించలేదు (ఎన్‌క్రిప్ట్ చేయించలేదు) కాబట్టి కొత్త కీ కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోవాల్సిన పని పడలేదు. సర్వర్లోకి ఎక్కేసరికి రెండున్నర అయింది.

అక్కడితో వెళ్ళిపోవచ్చు ఆయన. వెళ్ళలేదు. "మొత్తం చూద్దాం" అన్నారు. ఖాళీ హాల్లో 104 నిమిషాల సినిమా, మేమిద్దరమే. ఆయన కేబిన్లో కాకుండా కిందికి వచ్చి ఒకసారి ముందు వరసలో, ఒకసారి చివర, ఒకసారి పక్కన కూర్చుని విన్నారు.

ఇక్కడ ఒక సీను గురించి చెప్పాలి. కూతురు ఇల్లు వదిలి వెళ్తుంటే తల్లి తలుపు దగ్గర నిలబడుతుంది. ఏమీ మాట్లాడదు. స్క్రిప్టులో అరపేజీ, తెర మీద 1 నిమిషం 40 సెకన్లు. ఈ తొమ్మిదేళ్ళలో స్క్రిప్టు చదివిన ప్రతివాళ్ళూ అక్కడే ఆగారు. ఇక్కడ డైలాగు రాయడం మర్చిపోయారా అన్నారు. కనీసం మ్యూజిక్ అయినా వేయండి అన్నారు. డబ్బు పెడతానన్న ఒకాయన ఆ సీను తీసేస్తేనే సంతకం అన్నారు, ఆయన్ని వదులుకున్నాను. ఆ స్క్రిప్టు ఎవరూ తీసుకోకపోవడం వల్లే నేను ప్రొడ్యూసర్ని అయ్యాను. అంతకుముందు పక్కవాళ్ళ సినిమాలకి రాసిన రోజుల్లో చాలాసార్లు నా పేరు కూడా పడలేదు.

ఆ సీను అయ్యాక ఆయన వెనక వరసలోంచి లేచి వచ్చారు. "ఇక్కడ ఏసీ హోరు వినబడుతోందమ్మా. ఆవిడ ఊపిరి వినబడాలి కదా. రేపు ఈ సీను ముందు బ్లోయర్ తగ్గిస్తాను. హాలు సౌండ్ ఫేడర్ మామూలుగా 5 మీద పెడతాం, మీ మిక్స్ 7కి చేశారు కాబట్టి 7 మీదే ఉంచుతాను."

నేను ఏడ్చాను. ఆపుకోవడం కుదరలేదు. నేను కావాలని రాసినదాన్ని అందరూ తప్పనుకున్నారు. నిజంగా జరిగిన తప్పుని కూడా ఈ మనిషి మొదట నా ఉద్దేశమేమో అని అడిగారు.

మర్నాడు ఆ సీను దగ్గర హాల్లో ఏసీ చప్పుడు లేదు. ఆవిడ ఊపిరి వినబడింది. పేరు రాయొద్దని ఆయన గట్టిగా చెప్పారు, అందుకే రాయడం లేదు. సార్, ఇది మీ దాకా చేరితే, మీకు రుణపడి ఉన్నాను.

ఒక్క మాట కోపంగానే అంటాను. పెద్ద బ్యానర్ లేని సినిమాకి 10 నిమిషాల టెస్టు ఏం సరిపోతుంది? ఎంట్రీ ఫీజు మాత్రం సినిమా తీసుకోకపోయినా వెనక్కి రాదు. అమ్మకం దగ్గరా ఇదే వరస. వచ్చిన డబ్బులో ముందు డిస్ట్రిబ్యూటర్ కమీషన్, ప్రచారం ఖర్చులు, ఆ తర్వాత పెట్టుబడి పెట్టినవాళ్ళు, చిట్టచివర ప్రొడ్యూసర్‌కీ రచయితకీ బాకీ ఉన్న పారితోషికం. అంత దూరం చాలా సినిమాల డబ్బు చేరదు. స్క్రిప్టు హక్కులు నేనే నా కంపెనీకి రాసిచ్చాను, రెండు వైపులా సంతకం నాదే, ఆ కాగితం లేకపోతే ఎవరూ కొనరు. డైలాగులు లేని మ్యూజిక్, ఎఫెక్ట్స్ ట్రాకు, ఏ మ్యూజిక్ ఎక్కడ వాడామో రాసిన క్యూ షీటు, ఇన్సూరెన్సు, అన్నీ చేతికిచ్చాకే మొదటి రూపాయి. మమ్మల్ని ఇన్ని కాగితాలు అడిగే వ్యవస్థలో, ఆ ల్యాబు తప్పుకి బాధ్యులెవరని అడిగే కాగితం ఒక్కటీ లేదు. డబ్బు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు.

మా మిక్సింగ్ ఇంజినీర్ అర్ధరాత్రి ఫోన్ ఎత్తి ట్రాకుల పేర్లు సరిచూశారు, థ్యాంక్యూ. ఎడిటర్‌కీ, కలరిస్ట్‌కీ, నటులందరికీ విడివిడిగా రాస్తాను.

పైది పోస్టు చేశాక గుర్తొచ్చింది: ఆ రాత్రి గేటు తీసిన వాచ్‌మన్ గారి గురించి రాయలేదు. ఆయన తీయకపోతే ఇదేదీ లేదు.

సబ్‌టైటిల్స్‌లో రెండు లైన్లు తప్పని ఉదయం ఆరింటికి మెసేజ్ పెట్టి, సరిచేసి కూడా పంపిన అమ్మాయికి కూడా థ్యాంక్యూ.

ఇంకొకరు. నా డిస్క్ కేబుల్ పనిచేయకపోతే తనది ఇచ్చిన వాలంటీర్ కుర్రాడు. బాబూ, నీ కేబుల్ ఇంకా నా బ్యాగులోనే ఉంది. అడ్రస్ మెసేజ్ చెయ్యి, పంపిస్తాను.