ఎన్నో వారమో ముందు అడగాలి

సంపాదక మహాశయులకు,

కాబోయే తల్లిదండ్రులకు గర్భం, కాన్పు, పసిబిడ్డ సంరక్షణ గురించి నేర్పే తరగతుల్లో చాట్‌బాట్‌ల వాడకం పెరుగుతోంది. అలాంటి తరగతులు నడిపే ప్రసూతి నర్సుగా నేను దీన్ని స్వాగతిస్తున్నాను. అయితే ఒక లోపాన్ని సరిదిద్దకుండా వాటిని దంపతుల చేతికి ఇవ్వకూడదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

గర్భిణి కాన్పులోగా కనీసం 8 సార్లు వైద్య సిబ్బందిని కలవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. ఆ ఎనిమిది సార్లూ తప్పకుండా వచ్చినా, 40 వారాల్లో మిగిలిన పగళ్లూ రాత్రులూ ఆ ఇద్దరూ సొంతంగా నెట్టుకురావలసిందే. పైగా, నొప్పులు మొదలైతే తానేం చేయాలో, భార్య ఉన్నట్టుండి ఏడిస్తే ఎలా ఓదార్చాలో పదిమందిలో అడగడానికి మొహమాటపడి వెనక వరుసలో కూర్చునే భర్త, ఆ ప్రశ్నలన్నీ ఫోనును అడుగుతాడు. అలా అడిగి కాస్త ధైర్యం తెచ్చుకున్నవారు తర్వాతి తరగతిలో నోరు విప్పడం నేను చూశాను.

ఇక లోపం సంగతి. ఒక ఉదయం 34 వారాల గర్భిణి తరగతికి వచ్చింది. ముందు రాత్రి విపరీతమైన తలనొప్పితో నిద్ర లేదని చెబుతుంటే, ఆమె భర్త చాట్‌బాట్‌ను ఏమడిగాడో ఫోను తెరిచి చూపించాడు. నీళ్లు తాగాలి, దీపం తగ్గించి పడుకోవాలి, తగ్గకపోతే డాక్టరును కలవాలి అని ఎంతో మర్యాదగా ఏడు పంక్తుల జవాబు ఉంది. మామూలు మనిషి తలనొప్పికైతే అది సరిపోయే సలహాయే. కానీ ఎన్నో వారమని గానీ, చూపు మసకబారిందా, ముఖం ఉబ్బిందా అని గానీ అది అడగనే లేదు. బీపీ చూస్తే 150/100 ఉంది. 20 వారాలు దాటాక 140/90కి చేరినా తేలిగ్గా తీసుకోకూడదు. తలనొప్పి కూడా తోడైతే గుర్రపు వాతానికి, అంటే గర్భిణికి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చే స్థితికి, దారితీసే ప్రమాదం ఉంటుంది. వెంటనే డాక్టరు దగ్గరికి పంపాను. సమయానికి వైద్యం అందింది కాబట్టి తల్లీబిడ్డా క్షేమం.

మన భాషలో ఈ చిక్కు మరింత ముదురుతుంది. ‘అయిదో నెల’ అంటే కొందరికి అయిదో నెల పడిందని, కొందరికి అయిదు నెలలు నిండాయని అర్థం. ఈ రెంటికీ మధ్య ఇంచుమించు నాలుగు వారాల తేడా ఉంది. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు 20 వారాల నుంచి వాడితే బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. ఆ 20వ వారం సరిగ్గా ఈ నాలుగు వారాల సందిగ్ధంలోనే పడుతుంది. (అంతకు ముందైనా డాక్టరు చెప్పనిదే అవి వేసుకోకూడదు.) అందుకే చివరి బహిష్టు తేదీనో స్కానింగులో వేసిన తేదీనో అడిగి, వారాలు లెక్కకట్టుకున్నాకే చాట్‌బాట్ నోరు తెరవాలి.

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, ఫిట్స్, బిడ్డ కదలికలు తగ్గడం వంటి మాట కనబడగానే చాట్‌బాట్ పాఠం ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్లమని చెప్పి, మనిషికి అప్పగించాలి. ఇది అసాధ్యమేమీ కాదు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2014లో ప్రారంభించిన మామ్‌కనెక్ట్ సేవలో గర్భిణులకు సందేశాలు పంపడంతో పాటు, వారి ప్రశ్నలు చూసే సహాయ కేంద్రం కూడా ఉంది. తయారీదారులు తమ చాట్‌బాట్‌ను విడుదల చేసే ముందు కాన్పులు చేసే నర్సుల చేత, గర్భిణులు మాట్లాడే మాటల్లోనే ప్రశ్నలు వేయించి పరీక్షించాలని కోరుతున్నాను.

అంతవరకూ నా తరగతికి వచ్చే దంపతుల చేత, తాము వాడే చాట్‌బాట్‌లో ‘పొద్దుటి నుంచి బిడ్డ కదలిక తెలియడం లేదు’ అని టైపు చేయించి చూస్తున్నాను. వెంటనే ఆసుపత్రికి వెళ్లమని మొదటి పంక్తిలోనే చెప్పనిదాన్ని అక్కడే ఫోనులోంచి తీసేయిస్తున్నాను.

ఇట్లు,
ఒక ప్రసూతి నర్సు