వీధి దీపాల ఆటోమేటిక్ ఏర్పాటు: జమా ఖర్చుల వివరణ

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు చీకటి పడగానే వాటంతటవే వెలిగి, తెల్లవారాక వాటంతటవే ఆరిపోవాలని మనమందరం చందాలు వేసుకున్నాం. పని పూర్తయింది. దానికి సంబంధించిన లెక్క ఇది. రసీదులు, బిల్లులు, వోచర్లు లెక్కల పుస్తకంలో వరుసగా అంటించి ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. ఇక్కడ మాత్రం వచ్చిన మొత్తాన్ని 100 పాళ్లుగా తీసుకుని, ఏ పాలు ఎటు వెళ్లిందో, ఎందుకు వెళ్లిందో చెబుతున్నాం. ఖర్చు పట్టిక చూసినవాళ్లలో ఎక్కువమంది ఒకే చోట ఆగారు: "వెలుతురు కనిపెట్టే సెన్సర్‌కి అయింది 4 పాళ్లే కదా, మిగతా డబ్బంతా దేనికి?" అని. అడగవలసిన ప్రశ్నే. అందుకే ఈసారి వివరణ కాస్త పొడుగైంది.

జమ

ఇంటింటి చందాలు 71 పాళ్లు. గత నిధిలో మిగిలి ఉన్న సొమ్ము 18. చందాకు మించి కొందరు ఇష్టపూర్వకంగా ఇచ్చింది 8. పాత సామాను అమ్మితే వచ్చింది 3, అందులో చాలా భాగం పాత దీపాల చోకుల్లోని రాగి విలువే. అదనంగా ఇచ్చినవాళ్లలో కొందరు తమ పేరు వద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ ప్రకటించడం లేదు. చందా ఇవ్వలేకపోయిన ఇళ్ల ముందు కూడా దీపం వెలగాలని మొదటి సమావేశంలోనే తీర్మానించుకున్నాం, అలాగే జరిగింది.

ఖర్చు

ముందు ఆ 4 పాళ్ల సంగతి. సెన్సర్ లోపల ఉండేది వెలుతురు పడితే విద్యుత్ గుణం మారే చిన్న ముక్క. ఎలక్ట్రీషియన్లు ఎల్‌డీఆర్ అనే రకంలో కాడ్మియం సల్ఫైడ్ పూత ఉంటుంది. చీకట్లో దాని నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పది లక్షల ఓమ్‌ల స్థాయికి పోతుంది, పట్టపగలు కొన్ని వందల ఓమ్‌లకు దిగుతుంది. వెలుతురుకు నిరోధం మారడమనే ఈ గుణాన్ని 1873లో విల్లోబీ స్మిత్ సెలీనియంలో చూసి ప్రకటించారు. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ కేబుళ్లను పరీక్షించే పనిలో అది బయటపడింది. ఎల్‌డీఆర్ చూపు మనిషి కంటి చూపుకు దగ్గరగా ఉంటుంది. కానీ కాడ్మియం విషపదార్థం, యూరప్‌లో ఎలక్ట్రానిక్ సామాన్లలో దాని వాడకం మీద ఆంక్షలున్నాయి. సిలికాన్ రకానికి ఆ బెడద లేదు గానీ, అది కంటికి కనబడని పరారుణ కాంతికి ఎక్కువగా స్పందిస్తుంది, కాబట్టి ముందు ఫిల్టర్ ఉండి తీరాలి. మనం ఫిల్టర్ ఉన్న సిలికాన్ రకమే తీసుకున్నాం. రెండు కొన్నాం. ఒకటి బిగించాం, రెండోది విడిగా భద్రపరిచాం.

బిగించినదాన్ని 15 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) దగ్గర వెలిగించేలా, 40 లక్స్ దాటాక ఆర్పేలా పెట్టాం. నడి ఎండలో వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది, నిండు పున్నమి వెన్నెల అర లక్స్ కూడా ఉండదు. కాబట్టి 15 అంటే మసక బాగా కమ్మిన వేళ. వెలిగించడానికీ ఆర్పడానికీ ఒకే అంకె పెట్టకూడదా అని ఒకరు అడిగారు. పెడితే, సందెవేళ ఒక మబ్బు అడ్డొచ్చి తొలగినప్పుడల్లా వీధి మొత్తం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. రెండు అంకెల మధ్య ఎడం ఉంటే ఆ ఊగిసలాట ఉండదు. దీనికి తోడు కొద్ది ఆలస్యం కూడా పెట్టాం. మెరుపు మెరిసినా, కారు లైటు క్షణంపాటు పడినా సెన్సర్ దాన్ని పగలుగా లెక్కవేయదు.

సెన్సర్‌ను దీపపు స్తంభానికి కాకుండా ప్యానెల్ గది కప్పు మీద, ఆకాశం వైపు చూసేలా పెట్టడం కొందరికి వింతగా అనిపించింది. అది మన దీపాల వెలుగును చూడకూడదు. చూసిందంటే దీపం వెలగగానే తెల్లారిందనుకుని ఆర్పేస్తుంది, ఆరగానే చీకటనుకుని వెలిగిస్తుంది, రాత్రంతా అదే తంతు. ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ సూటిగా పడే దిక్కుకు కూడా తిప్పకూడదు.

ప్రతి స్తంభానికీ ఒక సెన్సర్ పెట్టాలన్న సూచనను కూడా చర్చించాం. అలా చేస్తే ఒకటి పాడైనా మిగతా వీధి వెలుగుతుంది, అది నిజమైన లాభమే. అయితే చెట్టు నీడన ఉన్నది ముందు, బయట ఉన్నది తర్వాత వెలుగుతాయి, ఏది చెడినా నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కాలి. నిర్వహణ మన చేతుల్లోనే ఉండాలని ఒకే చోట పెట్టాం.

ఇక అసలు డబ్బు ఎక్కడికి వెళ్లిందో చూద్దాం. సెన్సర్ చేసేది పగలా రాత్రా అని చెప్పడం ఒక్కటే. వీధి మొత్తం కరెంటును మోయడం దాని వల్ల కాదు. అందులోని చిన్న రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాంటాక్టుల మీద, అంటే ఒకదానికొకటి తగిలే లోహపు ముక్కల మీద, అన్ని దీపాలనూ నేరుగా వేస్తే కొద్ది కాలానికే అవి అతుక్కుపోతాయి. ఎల్‌ఈడీ దీపాల విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎల్‌ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుంది కదా అనిపిస్తుంది. వెలిగిన తర్వాత నిజమే. కానీ స్విచ్ వేసిన తొలి క్షణంలో డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగిన కరెంటు అందించే సర్క్యూట్) లోపల విద్యుత్తును నిల్వ చేసే కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది. అది నిండేటప్పుడు మామూలు కరెంటుకు ఎన్నో పదుల రెట్లు లాగుతుంది. సెకనులో వెయ్యో వంతు కూడా పట్టని ఆ దెబ్బ అన్ని దీపాల నుంచి ఒకేసారి పడుతుంది. కాంటాక్టులు అక్కడే కరిగి అంటుకుంటాయి. అంటుకుంటే సెన్సర్ ఆర్పమన్నా దీపాలు ఆరవు.

అందుకే మధ్యలో కాంటాక్టర్ పెట్టాం. సెన్సర్ దాని కాయిల్‌కి మాత్రమే కరెంటు ఇస్తుంది. కాయిల్ అయస్కాంతమై లావుపాటి కాంటాక్టులను లాగి మూస్తుంది, దీపాల కరెంటంతా వాటి గుండా పోతుంది. కాంటాక్టర్ మీద రాసి ఉన్న పెద్ద ఆంపియర్ అంకె చూసి కొనకూడదు. అది సాధారణంగా హీటర్ లాంటి లోడుకు చెప్పే ఏసీ-1 అంకె. దీపాలకు వేరే వర్గాలున్నాయి: డిశ్చార్జ్ దీపాలకు (ట్యూబ్‌లైట్, సోడియం దీపం లాంటివి) ఏసీ-5ఏ, ఫిలమెంట్ బల్బులకు ఏసీ-5బి. ఎల్‌ఈడీ డ్రైవర్లకు ఎన్ని దీపాలు వేయవచ్చో తయారీదారు పట్టికలో చూసుకోవాలి. అలా చూసే తీసుకున్నాం, అందుకే లెక్కకు చాలేదాని కంటే పెద్ద సైజు వచ్చింది. వీధిని రెండు భాగాలు చేసి రెండు కాంటాక్టర్లు పెట్టాం. ఒక కాయిల్ కాలినా సగం వీధికి వెలుగుంటుంది.

ఈ రెండు కాంటాక్టర్లు, ప్రతి శాఖకూ ఎంసీబీ (షార్ట్ అయినా కరెంటు మితిమీరినా సరఫరా ఆపే స్విచ్), ఆర్‌సీసీబీలు (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపే స్విచ్‌లు), ఆటో-ఆఫ్-మాన్యువల్ స్విచ్, వాన నీరు చొరబడని పెట్టె, అన్నీ కలిపి కంట్రోల్ ప్యానెల్‌కి 24 పాళ్లు అయ్యాయి. ఆర్‌సీసీబీలు ఒకటికి మించి ఎందుకన్నారు. ప్రతి ఎల్‌ఈడీ డ్రైవర్ కొద్దిపాటి కరెంటును ఎర్త్‌లోకి సహజంగానే వదులుతుంది. దీపాలన్నీ ఒకే ఆర్‌సీసీబీ కిందికి తెస్తే ఆ చిన్న చిన్న లీకులన్నీ కూడి, ఏ లోపమూ లేకుండానే అది పడిపోతుంది. పడిపోతోందని తీసేస్తే స్తంభం ముట్టుకున్న పిల్లవాడికి రక్షణ ఉండదు. ఈ ఒక్క విషయంలో కమిటీ ఏ తగ్గింపుకూ ఒప్పుకోలేదు.

అన్నిటికంటే పెద్ద పద్దు కేబుల్, పైపు, తవ్వకం: 31 పాళ్లు. ఇంత లావు కేబుల్ దీపాలకు అవసరమా అన్నారు. దీపం వెలగడానికి మాత్రమే అయితే సన్నదీ చాలును. కానీ సన్నని పొడవాటి కేబుల్ చివర షార్ట్ అయితే, తీగ నిరోధం వల్ల లోపపు కరెంటు తగ్గిపోతుంది, ఎంసీబీ వెంటనే తెగదు, తీగ వేడెక్కుతూ ఉంటుంది. చివరి స్తంభం దగ్గర లోపం వచ్చినా ప్యానెల్‌లో ఎంసీబీ క్షణంలో పడాలన్న లెక్కతో కేబుల్ మందం నిర్ణయించారు. పక్కపక్క దీపాలను వేర్వేరు ఫేజుల మీద వేశాం. ఒక ఫేజు పోతే వరుసగా చీకటి కమ్మదు, మధ్య మధ్య వెలుగు మిగులుతుంది.

ఎర్తింగ్, సర్జ్ రక్షణ పరికరాలు కలిపి 11 పాళ్లు. లోహపు స్తంభాలన్నిటినీ ఎర్త్ తీగతో కలిపాం. పిడుగు దగ్గర్లో పడినప్పుడు లైనులోకి వచ్చే ఎక్కువ వోల్టేజీ ముందుగా చంపేది ఎల్‌ఈడీ డ్రైవర్లనే. సర్జ్ పరికరంలోని వేరిస్టర్ ఆ దెబ్బను తన మీద వేసుకుని ఎర్త్‌కు మళ్లిస్తుంది. దెబ్బ దెబ్బకూ అది అరుగుతుంది. పరికరం మీది చిన్న కిటికీ పచ్చగా ఉన్నంతవరకు బాగున్నట్టు, ఎర్రబడితే మార్చాలి.

టైమర్‌కి 3 పాళ్లు. సెన్సర్ ఉండగా టైమర్ ఎందుకన్న సందేహం సహజం. ఇది రోజూ ఒకే గంటకు మోగే రకం కాదు. అక్షాంశం, రేఖాంశం, తేదీ ఇస్తే ఏ రోజు సూర్యుడు ఎప్పుడు అస్తమిస్తాడో తనే లెక్కవేసుకుంటుంది. సూర్యుడు దిగ్మండలానికి 6 డిగ్రీల కిందికి దిగే వేళకు దాన్ని పెట్టాం. మామూలుగా అప్పటికే సెన్సర్ దీపాలు వెలిగించి ఉంటుంది. రెండింటినీ సమాంతరంగా కలిపాం కాబట్టి సెన్సర్ చచ్చిపోయి ఊరుకున్నా టైమర్ వెలిగిస్తుంది. వరుసగా కలిపి ఉంటే, సెన్సర్ మీద ఆకు పడినా పగలు దీపాలు వెలగకుండా ఆపగలిగేవాళ్లం. కానీ అప్పుడు ఏ ఒక్కటి చెడినా రాత్రి చీకటే. పగలు కొంత కరెంటు వృథా కావడం కంటే రాత్రి దారి కనబడకపోవడం పెద్ద నష్టమని కమిటీ ఏకాభిప్రాయంతో నిర్ణయించింది.

మెట్ల దారిలోనూ వెనక సందులోనూ పెట్టిన కదలిక సెన్సర్లకు 4 పాళ్లు. ఇవి మనిషి ఒంటి వేడి నుంచి వచ్చే పరారుణ కిరణాల మార్పును పసిగడతాయి. సెన్సర్‌కు అడ్డంగా నడిస్తే వెంటనే, ఎదురుగా నడిచి వస్తే కాస్త ఆలస్యంగా స్పందిస్తాయి. అందుకే దారికి పక్కన బిగించాం. గాలి వేడి ఒంటి వేడికి దగ్గరైన రోజుల్లో వీటి చురుకు తగ్గుతుంది, అది లోపం కాదు. రెండు తీగల రకం చవక. కానీ అది తన కరెంటును దీపం గుండానే తీసుకుంటుంది, ఆరి ఉండాల్సిన ఎల్‌ఈడీ మిణుకు మిణుకుమంటుంది. న్యూట్రల్ విడిగా కావలసిన మూడు తీగల రకం వేశాం.

కూలి 16 పాళ్లు. రవాణా, నిచ్చెన అద్దె, రసీదు పుస్తకాల ముద్రణ 2 పాళ్లు.

అన్నీ కలిపితే ఖర్చు 95 పాళ్లు, నిల్వ 5 పాళ్లు.

నిల్వను తిరిగి పంచేయమని కొందరు, ఉంచమని కొందరు అన్నారు. ఉంచాలనే కమిటీ కోరుతోంది. సెన్సర్ పైమూత మీద దుమ్ము పేరుకుంటే దానికి లోకం అసలుకంటే చీకటిగా కనిపిస్తుంది, దీపాలు సాయంత్రం తొందరగా వెలిగి పొద్దున ఆలస్యంగా ఆరతాయి. ఎండకు ఆ మూత పసుపెక్కినా అంతే. దాన్ని తుడవడం, కాంటాక్టర్ల బిగింపులు చూడడం, సర్జ్ పరికరం ఎర్రబడితే మార్చడం, వీటికి చేతిలో సొమ్ముండాలి. నెలకోసారి పగటిపూట సెన్సర్ మీద నల్లగుడ్డ కప్పి, ఆలస్యం గడిచాక దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసే పనికి ఇద్దరు సభ్యులు ముందుకొచ్చారు. వాళ్లకు కృతజ్ఞతలు.

అర్ధరాత్రి దాటాక వెలుగు సగానికి తగ్గించే ఏర్పాటు కావాలన్న విన్నపం మిగిలి ఉంది. ఇప్పుడున్న డ్రైవర్లలో ఆ సదుపాయం లేదు. వాటిని మార్చాలి, 0-10 వోల్టుల పద్ధతి (వోల్టేజీని బట్టి వెలుగు మారేది) అయినా డాలీ పద్ధతి (దీపాలకు డిజిటల్ సంకేతాలు పంపేది) అయినా దీపందీపానికీ రెండు కంట్రోల్ తీగలు అదనంగా లాగాలి. ఆ తీగలకు పైపులో చోటు ఇప్పటికే ఉంచాం, మళ్లీ తవ్వాల్సిన పని రాదు. అయితే దాని ఖర్చును ఈ 5 పాళ్లలోంచి తీయం. సర్వసభ్య సమావేశంలో అంచనా పెట్టి, తీర్మానం అయ్యాకే చందా అడుగుతాం.

ఇట్లు
వీధి దీపాల కమిటీ