పలాస తొక్కల్లో కెమిస్ట్రీ

కాశీబుగ్గ

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. అమ్మాయికి ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే టెన్షన్‌గా ఉందని, పేర్లన్నీ బట్టీ పట్టలేక ఏడుస్తోందని రాశావు. ఏడవదేటిరా మరి? వాసన చూపించకుండా, చేత్తో ముట్టుకోనివ్వకుండా ముందే ఐయూపీఏసీ పేర్లు, అంటే రసాయనాలకి ప్రపంచమంతా ఒకే పద్ధతిలో పెట్టే పేర్లు, నెత్తిన రుద్దితే ఎవరికైనా ఏడుపే వస్తుంది. దసరా సెలవులకి పిల్లని ఇక్కడికి పంపు, మన పలాస జీడిపిక్కలతోనే కెమిస్ట్రీ చెప్తాను.

జీడిపిక్క తొక్కలో నల్లటి చిక్కటి నూనె ఉంటుంది కదా, చేతికంటితే బొబ్బలెక్కుతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకి బూడిదో ఆముదమో రాసుకున్నాకే పనిలో కూర్చుంటారు. ఆ నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆసిడ్. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. ఆస్పిరిన్ మాత్ర సాలిసిలిక్ ఆసిడ్ నుంచి చేస్తారు కదా, ఆ సాలిసిలిక్ ఆసిడ్‌కే 15 కార్బన్ల పొడుగాటి తోక తగిలితే ఇదవుతుంది. అల్లరంతా ఆ తోకది. కొవ్వులో ఇట్టే కలుస్తుంది కాబట్టి చర్మంలోకి దిగిపోతుంది, వట్టి నీళ్లతో కడిగితే ఓ పట్టాన వదలదు.

దాన్నే బాగా కాచావనుకో, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి కార్డనాల్ మిగులుతుంది. అదొక ఫీనాల్, అంటే బెంజీన్ వలయానికి నేరుగా ఓహెచ్ తగిలిన పదార్థం. ఫార్మాల్డిహైడ్‌తో కలిపితే గట్టి రెజిన్, అంటే ప్లాస్టిక్‌లాంటి గట్టి పదార్థం, తయారవుతుంది. పెయింట్లలో, బ్రేక్ లైనింగుల్లో ఈ సరుకు వాడతారు. ఇచ్ఛాపురం రోడ్డు మీద లారీవాడు బ్రేకు తొక్కితే అందులో మన పలాస తొక్క ఉన్నా ఉండొచ్చు! పప్పు గురించి అందరూ గొప్పలు చెప్తారు గానీ, నన్నడిగితే అసలు తెలివంతా తొక్కలోనే ఉంది.

బట్టల మీద ఒకప్పుడు చాకళ్లు గుర్తు పెట్టిన నల్లజీడి గింజదీ ఇదే కుటుంబం. మామిడిదీ ఇదే. సొన తుడవకుండా కాయ కొరికి వారం రోజులు మూతి పుండు చేసుకున్నావు చూడు, అప్పుడు నీకు తగిలింది ఈ ఫీనాళ్ల చుట్టమే. ఈ సంగతి పాపకి చెప్పావా లేదా?

మామిడి ఊసెత్తాను కాబట్టి ఇంకొకటి. కార్బైడ్‌కి తేమ తగిలితే ఎసిటిలీన్ వస్తుంది, దాంతో కాయ రంగు తిరుగుతుంది. ఆ కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి, అందుకే పళ్లు మాగెయ్యడానికి దాన్ని నిషేధించారు. ఇథిలీన్ గ్యాస్‌కి మాత్రం అనుమతి ఉంది, 100 పీపీఎం వరకు, అంటే గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు. కాయ తనంతట తానే వదిలేదీ ఇథిలీనే. గడ్డిలో కప్పెట్టిన సువర్ణరేఖ పండేది దాని వల్లే. ఎసిటిలీన్‌లో రెండు కార్బన్ల మధ్య మూడు బంధాలు, ఇథిలీన్‌లో రెండు. ఈ కథ విన్నాక అమ్మాయి ఆ తేడా మర్చిపోతే నన్నడుగు.

చింతపండులో టార్టారిక్, నిమ్మలో సిట్రిక్, చీమ కుడితే ఫార్మిక్... అవన్నీ నీకూ తెలుసు, నువ్వే చెప్పుకో.

రైలు ఏదో ముందే రాయి, స్టేషన్‌కి నేనే వస్తాను. పాత ఫుల్‌చేతుల చొక్కా ఒకటి తెచ్చుకోమను, తొక్కలు ముట్టుకోకుండా ఎలాగూ ఊరుకోదు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాము