కంగారూ మాంసానికి కుక్కర్ విజిళ్లు పనికిరావు

సంపాదకులకు,

పత్రికల ఆదివారం పేజీల్లో వింత మాంసాల ముచ్చట్లు ఎక్కువయ్యాయి. ఆస్ట్రేలియా కంగారూ, దక్షిణాఫ్రికా నిప్పుకోడి, థాయిలాండ్ వేపుడు మిడతలు, జపాన్ ఫుగు చేప. ఓ రంగుల ఫొటో, నాలుగు వాక్యాల పొగడ్త, అంతే. మెల్‌బోర్న్‌లోనో బ్రిస్బేన్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు అది గుర్తుంచుకుని కంగారూ మాంసం తెప్పించి, మేకమాంసం వండినట్టే వండుతారు. ముక్క రబ్బరులా సాగుతుంది, కార్జం వాసన కొడుతుంది, కూర చెత్తబుట్టలోకి పోతుంది. మాంసంలో లోపమేమీ లేదు. వండే తీరు ఎవరూ చెప్పకపోవడమే లోపం.

మేక తొడ, మెడ ముక్కల్లో కొవ్వుతో పాటు కండను కట్టి ఉంచే తెల్లటి పొరలు దండిగా ఉంటాయి. గంటసేపు నీటిలో మగ్గితే ఆ పొరలు కరిగి జిగురవుతాయి. ముక్క మెత్తబడేది, పులుసు చిక్కబడేది దానివల్లే. కంగారూ నడుము కండలో ఆ పొరలు చాలా తక్కువ, కొవ్వు రెండు శాతం అటూ ఇటూ. దాన్ని కుక్కర్‌లో పెట్టి నాలుగు విజిళ్లు రానిస్తే కరగడానికి లోపల ఏమీ ఉండదు. కండ బిగుసుకుని తనలోని నీరంతా వదిలేస్తుంది. ఇంకా ఉడికిస్తే మెత్తబడుతుందేమోనని మరో మూడు విజిళ్లు పెట్టేవారున్నారు. దానివల్ల మరింత గట్టిపడుతుంది.

అందుకే కొనేటప్పుడే ఏ భాగమో చూసుకోవాలి. నడుము కండ, స్టేక్ ముక్కలైతే మంట పెద్దగా, సమయం తక్కువగా ఉండాలి. అంగుళం మందం ముక్కను ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు బయట ఉంచి, గుడ్డతో తడి అద్ది, నూనెను పెనం మీద కాకుండా ముక్కకే రాయాలి. బాగా కాలిన ఇనుప పెనం మీద ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు చాలు. దించాక అయిదు నిమిషాలు కదపకుండా ఉంచి, పోగులకు అడ్డంగా కోయాలి. అక్కడివాళ్లు మధ్యలో 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర దించేస్తారు, లోపల ఎర్రగానే ఉంటుంది. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు మాత్రం అలా తినకూడదు. కంగారూలు పెంపకపు జంతువులు కావు. ప్రభుత్వం ఏటా నిర్ణయించే కోటా మేరకు లైసెన్సు ఉన్న వేటగాళ్లు బయళ్లలో కాల్చి తెస్తారు. వాటి కండలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు, పూర్తిగా ఉడికిస్తే అది చస్తుంది.

లోపల ఎర్రగా ఉంటే మనలో చాలామందికి ముద్ద దిగదు. దానికి మన వేపుడే సరైన దారి. అరకిలో మాంసాన్ని పోగులకు అడ్డంగా, అర సెంటీమీటరు మందాన పలుచగా కోయాలి. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి విడిగా వేయించి, నూనె తేలాక పక్కన పెట్టుకోవాలి. వేరే బాణలి పొగలు వచ్చేదాకా కాల్చి, మాంసాన్ని మూడు వాయిలుగా వేయాలి. ఒక్కో వాయికి రెండు నిమిషాలు, అంతకు మించి వద్దు. అరకిలో ఒకేసారి గుమ్మరిస్తే బాణలి చల్లారి నీరు ఊరుతుంది, వేగాల్సిన ముక్క ఉడుకుతుంది, మళ్లీ రబ్బరే. చివర్లో మసాలా, మిరియాల పొడి, కరివేపాకు కలిపి వెంటనే దించాలి. ముక్క మెత్తబడాలని పచ్చి బొప్పాయి పట్టించే అలవాటు ఇక్కడ అవసరం లేదు. ఆ కండకు అరగంట పట్టించినా పైపొర పిండిలా విడిపోతుంది.

పులుసు కావాలనుకుంటే తోక తీసుకోండి. తోకలో పొరలు, ఎముక జిగురు బోలెడు. సన్నని సెగ మీద మూడు గంటలు మగ్గనిస్తే గోంగూరకు భలే జోడీ. కీమాకు మరో జాగ్రత్త: దానికి సొంత కొవ్వు లేదు కాబట్టి అరకిలోకి రెండు మూడు చెంచాల నూనె ఎక్కువ పోయాలి, మధ్యలో 71 డిగ్రీలు దాటేలా ఉడికించాలి. ముక్కకైతే క్రిములు పైభాగంలోనే ఎక్కువ, కీమాలో అవి లోపలికంతా కలిసిపోతాయి.

గాలి తీసేసిన ప్యాకెట్ విప్పగానే మాంసం నల్లటి ఎరుపులో, కాస్త ఘాటు వాసనతో ఉంటుంది. పాడైందని పారేయనక్కర్లేదు. పదిహేను నిమిషాలు గాలి తగిలితే రంగు తేలుతుంది, వాసన పోతుంది. అప్పటికీ పుల్లటి కుళ్లు వాసన ఉంటే, చేతికి జిగట తగిలితే అప్పుడు పారేయాలి.

ఈ లెక్కంతా నిప్పుకోడికి, ఈముకూ వర్తిస్తుంది. పేరుకు పక్షులైనా వాటి మాంసం ఎర్రగా ఉంటుంది. ఎగరవు కాబట్టి ఛాతీ ఎముక చదును, అక్కడ కండే ఉండదు. మాంసమంతా తొడల్లోనే. మన రాష్ట్రంలో 1990ల చివర మొదలై 2012 ప్రాంతంలో కుప్పకూలిన ఈము పెంపకం చాలామంది రైతులకు ఇంకా గుర్తుండే ఉంటుంది. పిల్లల జతలు అమ్ముకోవడం మీద నడిచిన వ్యాపారం అది, మాంసం కొనేవాళ్లను ఎవరూ తయారుచేయలేదు. కొన్నవాళ్లకూ నాటుకోడిలా గంటన్నర ఉడికించమనే చెప్పారు. నష్టానికి అదే కారణమనను, కానీ ఒకసారి తిన్నవాళ్లు రెండోసారి కొనకపోవడానికి అది చాలు.

ఇంటి దగ్గరి వింత మాంసాల సంగతి వేరు. అక్కడ వంట కంటే ముందు చట్టం చూడాలి. బజారులో కౌజు పిట్టలని అమ్మేవి ఫారాల్లో పెంచే జపాన్ జాతి పిట్టలు. అయిదారు వారాలకు 180, 200 గ్రాములు తూగుతాయి. వాటిని నిశ్చింతగా తినవచ్చు, ఎముక దగ్గర ఎరుపు పోయేదాకా వేయించాలి, అంతే. పొలాల్లో వలపన్ని పట్టే పూరేడు పిట్టలు, అడవి కౌజులు మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, పట్టడమూ అమ్మడమూ నేరమే. దుప్పి, అడవిపంది, అలుగు, ఉడుము అన్నీ అంతే. కీళ్ల నొప్పులకు ఉడుము మంచిదన్న నమ్మకంతో రక్తం తాగేవారు, పచ్చి మాంసం తినేవారు నేటికీ ఉన్నారు. అలా తిన్నవారికి ఎలుక ఊపిరితిత్తుల పురుగు వల్ల మెదడు పొరలు వాచిన కేసులను కేరళ వైద్యులు నమోదు చేశారు. నొప్పి తగ్గిస్తుందనుకుని తిన్నదే మంచాన పడేస్తుంది.

కోస్తా జిల్లాల్లో గాడిద మాంసం కూడా ఇలాగే నడుస్తోంది. ఉబ్బసం తగ్గుతుందని, నడుముకు బలమని ప్రచారం. మన ఆహార భద్రతా నిబంధనల్లో తినదగిన జంతువుల జాబితాలో గాడిద లేదు. అంటే దాన్ని ఏ కబేళాలోనూ పశువైద్యుడు పరీక్షించడు. గుర్రాలకు, గాడిదలకు వచ్చే గ్లాండర్స్ మనుషులకూ సోకుతుంది. కోసేవాడి చేతి గాయం దగ్గరే ఆ ప్రమాదం మొదలవుతుంది. దీని గురించి పత్రికలు దాడుల వార్తలు వేస్తాయి, జబ్బు సంగతి ఎక్కడో చివరి వాక్యంలో కూడా ఉండదు.

పురుగులు తినడం మనకు కొత్తేమీ కాదు. తొలకరికి దీపం పెట్టి ఉసిళ్లు పట్టడం, మూకుట్లో పొడిగా వేయించి చేటతో రెక్కలు చెరగడం పల్లెల్లో పాతకాలం నుంచీ ఉన్నదే. పొరుగున ఒడిశా మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. విదేశాల్లో చిమ్మెటలు, మిడతలు తినాలనుకునేవాళ్లకు చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది, అది చాలా ముఖ్యం. రొయ్యలు, పీతలు పడనివాళ్లు పురుగుల జోలికి వెళ్లకూడదు. రొయ్యలో అలర్జీ తెచ్చే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ పురుగుల్లోనూ ఉంటుంది, వేయించినా విరగదు. యూరప్‌లో 2021 నుంచి అనుమతి పొందిన పురుగుల పిండిని బిస్కట్లలో కలుపుతున్నారు. అందుకే ప్యాకెట్ మీద అలర్జీ హెచ్చరిక చదివి తీరాలి. మిడతలను తినేముందు వెనక కాళ్లు తుంచేయాలి. వాటి ముళ్లు పేగులో ఇరుక్కుంటాయి.

ఇక ఫుగు. బెదిరిస్తే బంతిలా ఉబ్బే ఈ చేప కార్జంలో, జన (గుడ్ల సంచి)లో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. మరిగించినా, వేయించినా ఆ విషం పోదు, విరుగుడు మందు లేదు. ముందు పెదవులు తిమ్మిరెక్కుతాయి, తర్వాత కాళ్లు చేతులు, ఆ తర్వాత ఊపిరి. రోగికి తెలివి ఉంటుంది, మాట రాదు. వెంటిలేటర్ మీద ఊపిరి నిలబెట్టడమే చికిత్స. జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకి నటుడు బండో మిత్సుగోరో 1975లో క్యోటోలో ఫుగు కార్జం నాలుగు ప్లేట్లు తిని చనిపోయారు. జపాన్‌లో లైసెన్సు ఉన్నవాళ్లే దాన్ని కోస్తారు, కార్జం వడ్డించడం నిషేధం. అక్కడ లైసెన్సు బోర్డు చూసుకుని తినేవాళ్ల గురించి నాకు పెద్ద భయం లేదు. నా భయమంతా మన రేవుల గురించే. ఈ జాతి చేపలు బంగాళాఖాతంలోనూ వలకు పడతాయి. అనుభవమున్న జాలర్లు పక్కన పారేస్తారు. వీడియోలు చూసి ‘జపాన్‌లో లక్షలు పలికే చేప’ అని ఎవరైనా ఇంటికి తీసుకెళితే కాపాడటం కష్టం.

ఇలాంటి వంటకం అచ్చువేసేటప్పుడు దాని కింద నాలుగు వాక్యాలకు చోటివ్వమని మీకు మనవి. ఏ భాగం కొనాలి, ముక్క మందమెంత, మధ్యలో వేడి ఎన్ని డిగ్రీలు రావాలి, ఎవరు తినకూడదు. మన దేశంలో దొరికే జంతువైతే దాన్ని తినడం చట్టబద్ధమా కాదా అన్నది అయిదో వాక్యం. ఫొటో ఒక అంగుళం తగ్గిస్తే ఆ చోటు వస్తుంది.

ఇట్లు,
ఒక పశువైద్యుడు,
తిరుపతి